ఇత్తడి తోమిన చేయి

అచ్యుతయ్యగారిని ప్రశ్న అడగాలంటే జనం ఒకటికి రెండుసార్లు ఆలోచించేవారు. కోప్పడతారని కాదు. ఆయనకు కోపం రావడం ఎవరూ చూడలేదు. ఆయనకొక పద్ధతి ఉండేది. ప్రశ్న అడిగినవాళ్ళకు ముందు ఒక పని అప్పజెప్పేవారు. పని పూర్తయ్యాక, "ఇప్పుడు అడుగు" అనేవారు. చాలామందికి అప్పటికి అడగాల్సింది పెద్దగా మిగిలేది కాదు. మాయ అంటే ఏమిటని అడిగిన ఒక పెద్దమనిషి గోంగూర మడిలో కలుపు తీసి, నడుం పట్టుకుని, మాయ ఊసెత్తకుండా ఒంగోలు బస్సెక్కాడని ఆశ్రమంలో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు.

ఆశ్రమమంటే పర్ణశాలలూ లేడిపిల్లలూ ఊహించుకోనక్కర్లేదు. కనిగిరికి అవతల మెట్టలో రేకుల వసారా, వరసగా నాలుగు గదులు, ఒక వంటపాక, ఒక బోరు. అంతే. ఆ బోరు నీళ్ళ సంగతి మాత్రం ముందే చెప్పుకోవాలి. వాటితో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. బిందె పెట్టి తీసిన చోటల్లా తెల్లటి చార మిగులుతుంది. అచ్యుతయ్యగారు బళ్ళో పాఠాలు చెప్పి, రిటైరై, సొంత చేలో ఆ వసారా వేసుకుని సాయంత్రాలు భాగవతం చెప్పేవారు. కాషాయం కట్టలేదు, పేరు మార్చుకోలేదు. చిన్నా పెద్దా అందరికీ ఆయన అయ్యవారే.

ఆయన దగ్గరే ఉండిపోయినవాళ్ళలో వకుళమ్మ ఒకామె. భర్త పోయాక వచ్చింది. పురాణం వినడానికి వచ్చినవాళ్ళకు మజ్జిగ అందించడం, దేవుడి ఇత్తడి సామాను తోమడం ఆమె పనులు. ఆమె తోమిన కుందిలో ముఖం చూసుకుని బొట్టు దిద్దుకోవచ్చు. చింతపండు, ఇటుక పొడి, తన రెండు చేతులు, వీటికి లొంగని మురికి భూమ్మీద లేదని ఆమె నమ్మకం. ఆ నమ్మకాన్ని తప్పుపట్టే అవసరం అప్పటిదాకా ఎవరికీ రాలేదు.

ఒకరోజు ఉదయం అయ్యవారు పేపరు మడిచి పక్కన పెట్టగానే ఆమె ఎదురుగా వచ్చి కూర్చుంది. "అయ్యా, మనసుకు పట్టిన మరక పోతుందా? పోయే దారే ఉంటే నాకెందుకు పోవడం లేదు?" అంది.

ఏ మరకో ఆయనకు తెలుసు. ఆశ్రమంలో అందరికీ తెలుసు. ఆశ్రమానికి ఒక్కసారి వచ్చి వెళ్ళినవాళ్ళకు కూడా తెలుసు. భర్త ఏడాదిపాటు మంచం పట్టి పోయినప్పుడు వకుళమ్మ అక్క అలివేలమ్మ ఒక్కసారైనా చూడ్డానికి రాలేదు. తీరా పెద్దకర్మ రోజున ఎవరి కారులోనో వచ్చి, బంధువులందరి మధ్యా, "పోయి బాగుపడ్డాడులేవే, లేకపోతే మంచంలో ఉండి నిన్ను చంపేవాడు" అంది. ఆ మాట వకుళమ్మ గుండెలో ముల్లులా దిగింది. తీసేసుకోవాలని ఆమె ప్రయత్నించలేదనడం అన్యాయం. ఏకాదశులకు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. శనివారాలు మౌనం పట్టింది. కాకపోతే ఆదివారం తెల్లవారగానే శనివారం మాటలు కూడా కలిపి మాట్లాడేది. ఎన్ని చేసినా అక్క పేరు చెవిన పడితే ఒళ్ళు భగ్గుమనేది. ఆమె నిజంగానే విసిగిపోయింది, పాపం.

ఈ ప్రశ్న ఇప్పుడే పుట్టడానికి కారణం ఉంది. ముందురోజు అక్క ఫోన్ చేసింది. పౌర్ణమికి మొదలయ్యే సప్తాహానికి వచ్చి, ఆ వారం రోజులూ చెల్లెలి దగ్గర ఉంటానంది. "నేలబారు దొడ్డి అయితే నా మోకాళ్ళతో కాదే. అక్కడ కమోడుందా? ఉంటే వస్తా, లేకపోతే లేదు" అంది. వకుళమ్మ "కనుక్కుని చెప్తా" అని ఫోన్ పెట్టేసింది. కనుక్కునేదేమీ లేదు. వరసలో చివరి గదికి కమోడుందని ఆమెకు బాగా తెలుసు. ఎప్పుడో ఒక ముసలాయన కోసం పెట్టించినది. ఆయన కాలం చేశాక ఆ తలుపు తీసినవాళ్ళు లేరు. ఉందంటే అక్క వస్తుంది, లేదంటే రాదు. అక్కకు డెబ్బై దాటాయి. ఇప్పుడు రాకపోతే మళ్ళీ ఎప్పుడు వస్తుందో, అసలు వస్తుందో రాదో ఎవరికి తెలుసు? అంతా వకుళమ్మ నోట్లోని ఒక్క మాట మీద ఆగి ఉంది. ఆ మాట రాత్రంతా ఆమెను నిద్రపోనివ్వలేదు.

అయ్యవారు ఇదంతా విన్నారు. "చివరి గది కమోడు శుభ్రం చెయ్యి తల్లీ. తర్వాత అడుగు" అన్నారు.

వకుళమ్మ వెళ్ళి తలుపు తీసింది. కమోడు లోపల నీళ్ళు నిలిచే మట్టం దగ్గర చుట్టూ కాఫీ రంగు చార, వెనకవైపు పైఅంచు నుంచి కిందదాకా పచ్చగా ఒక మరక. చూసి ముక్కు మూసుకుంది. కానీ లోలోపల ఎక్కడో చిన్న సంతోషం కూడా కలిగింది. ఈ మరక పోకపోతే, "గది బాగాలేదక్కా, నువ్వు ఇబ్బంది పడతావు" అనొచ్చు. అబద్ధం ఆడిన పాపం కూడా అంటదు. అలా అనుకున్నందుకు తనమీద తనకే చిరాకేసి, ఆ చిరాకంతా చేతుల్లోకి తెచ్చుకుని పనికి దిగింది.

ఇత్తడిని ఎలా తోముతుందో దాన్నీ అలాగే తోమింది. ముందు చింతపండు, తర్వాత ఇటుక పొడి, ఆ పైన స్టీలు పీచు. కొంగు నడుముకు దోపి, మోకాళ్ళ మీద కూర్చుని, అష్టోత్తరం చదువుతూ తోమింది. అక్కడా ఇక్కడా పట్టు వదలని పెచ్చు మిగిలితే, సైకిలు మీద ఫినాయిలూ యాసిడూ అమ్ముకునేవాణ్ణి కేకేసి, సీసా కొని గుమ్మరించింది. పొగ లేచింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి, దగ్గొచ్చింది. అది కూడా తపస్సులో భాగమే అనుకుంది. చివరికి కమోడు తెల్లగా బయటపడింది. అయ్యవారిని పిలుచుకొచ్చి చూపించింది.

ఆయన వంగి చూశారు. వేలితో అంచు తడిమారు. "బాగా కష్టపడ్డావు. రెండు రోజులు చూద్దాం" అన్నారు.

రెండు రోజులు కూడా అక్కర్లేకపోయింది. మర్నాడు సాయంత్రానికే వెనకవైపు పచ్చటి జాడ కనపడింది. ఆ పై రోజుకు చార చుట్టూ తిరిగింది. వకుళమ్మ మళ్ళీ పీచు పట్టింది. ఈసారి ఇంకా తొందరగా, ఇంకా ముదురు రంగులో తిరిగొచ్చింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, మొదట్లో నున్నగా ఉన్న పింగాణీ ఇప్పుడు చేతికి గరగరలాడుతోంది. మరక ఆ గరుకులోకి ఎక్కి కూర్చుంటోంది. పౌర్ణమి దగ్గర పడుతోంది. అక్కకు చెప్పాల్సిన మాట ఇంకా నోట్లోనే ఉంది.

ఆ రోజుల్లోనే పొదిలి నుంచి కొందరు ఆడవాళ్ళు పురాణానికి వచ్చారు. వకుళమ్మ వాళ్ళకు మజ్జిగ అందించింది. గ్లాసుతో పాటు అక్క కథ కూడా అందించింది. అది ఆమెకు అలవాటు. కొత్తవాళ్ళు కనపడితే చాలు, "మా ఆయన పెద్దకర్మ రోజున" అని మొదలుపెట్టేది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ కథ కాస్త కాస్త పెరుగుతూ వచ్చింది. మొదట్లో అక్క ఆ మాట మెల్లగా అన్నది. రెండో ఏటికి గట్టిగా అన్నది. ఇప్పుడు నవ్వుతూ అంటోంది. పొదిలి వాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. "సొంత అక్కేనా అమ్మా! అట్టా ఎట్టా అనబుద్ధయింది ఆమెకి?" అన్నారు. వకుళమ్మకు ఎప్పటిలాగే గుండె మండింది. ఎప్పటిలాగే కొంచెం హాయిగా కూడా ఉంది. వసారా చివర కూర్చున్న అయ్యవారు పేపరు దించకుండానే విన్నారు.

మర్నాడు పొద్దున ఆయన పూజగదిలోని కుంకుమ భరిణ పట్టుకుని చివరి గదికి వెళ్ళారు. వకుళమ్మ వెనకాలే పరుగెత్తింది. ఈయన దీనికి కూడా పూజ చేస్తారా ఏమిటని ఆమెకు గుబులు పట్టింది. అయ్యవారు ఫ్లష్ ట్యాంకు మూత తీసి, లోపలి నీళ్ళలో రెండు చిటికెల కుంకుమ కలిపి మూత పెట్టారు. "నీళ్ళు వదలకు. రా, బయట కూచుందాం" అన్నారు.

ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. ఆయన కంది చేను గురించి, ఈసారి పడని వానల గురించి మాట్లాడారు. కాసేపయ్యాక లోపలికి వెళ్ళి చూస్తే, పచ్చటి మరక ఉన్న దారి వెంటే సన్నని ఎర్రటి తీగ కిందికి దిగి, అడుగున నీళ్ళు గులాబి రంగుకు తిరిగి ఉన్నాయి.

"నేను ముట్టుకోలేదయ్యా!" అంది వకుళమ్మ కంగారుగా.

"తెలుసు. ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. దానంతటదే కారుతోంది" అన్నారాయన. "చుక్క చుక్కే. ఒకటి ఆరేలోపు ఇంకొకటి. నువ్వు కింద తోముతున్నావు, అది పైనుంచి వడ్డిస్తోంది."

వకుళమ్మ నోరు తెరిచి ట్యాంకు వంక చూసింది. ఇన్ని రోజులూ ఆమె ఆ మూత ఎత్తి చూడనేలేదు. మరక కింద ఉంటే పైన ఎవరు చూస్తారు?

ట్యాంకు అడుగున నీళ్ళు ఆపే నల్ల రబ్బరు ముక్క ఆ ఉప్పు నీళ్ళకు రాయిలా బిగుసుకుని పక్కలు విరిగి ఉంది. అయ్యవారు ఊళ్ళోకి వెళ్ళి కొత్తది తెచ్చి తనే బిగించారు. ఆమె పక్కన నిలబడి మూత పట్టుకుంది. తర్వాత ఆయన నీళ్ళు రాకుండా కట్టేసి, కమోడులో ఉన్న నీళ్ళు చెంబుతో తోడించి, వంటపాక నుంచి నిమ్మ ఉప్పు తెప్పించి వేడినీళ్ళలో కలిపారు. "మెత్తటి పాత గుడ్డ ఉందా తల్లీ? నూలుది" అని అడిగారు.

వకుళమ్మ గదిలోకి వెళ్ళి ట్రంకుపెట్టె తెరిచి, అడుగున చెయ్యి పెట్టి తడిమింది. మెత్తగా తగిలిన గుడ్డ పైకి లాగింది. పసుపు మీద ఎర్ర గళ్ళ నేత చీర. సగం చింపగా మిగిలిన ముక్క. దాన్ని పట్టుకుని ఆమె పెట్టె ముందే కూలబడింది.

ఆ చీర అక్కది. భర్తకు వీపంతా పుళ్ళు పడినప్పుడు దుప్పట్లు ఒరుసుకుని ఆయన విలవిల్లాడేవాడు. అప్పటికే మోకాళ్ళు వాచి బస్సెక్కలేని అక్క, తన పాత నేత చీరలన్నీ మూటలు కట్టి, ఆ దారిన పోయే బస్సు డ్రైవరును బతిమాలి పంపేది. ఫోన్ చేసి, "నీళ్ళలో నాని నాని మెత్తబడ్డవే, వాడికి ఒరుసుకోవు. ఉతుకుతూ కూచోకు. పారేసెయ్. ఇంకో మూట పంపిస్తా" అనేది. చివరికి తను కట్టుకోవడానికి ఏం మిగుల్చుకుందో. ఆ గళ్ళ చీర మీదే ఆయన ఆఖరి రోజుల్లో కాస్త కన్ను మూసి నిద్రపోయాడు. వకుళమ్మ ఇది మరిచిపోలేదు. కానీ పొదిలి వాళ్ళకూ, అంతకుముందు వచ్చినవాళ్ళకూ, మజ్జిగ గ్లాసు అందుకున్న ఎవ్వరికీ ఈ మూటల సంగతి చెప్పలేదు. కథలో వాటికి చోటు లేకపోయింది. ఆమెకు సిగ్గేసింది. సిగ్గు వెనకాలే ఏడుపొచ్చింది. కాసేపు ఏడిచి, ఆ చీర కొంగుతోనే ముఖం తుడుచుకుంది.

గుడ్డ తెచ్చి ఇస్తూ తటపటాయించింది. "ఇది దీనికి వాడొచ్చా అయ్యా? ఇది మా అక్కది. మా ఆయన పుళ్ళ కింద పరవడానికి పంపింది."

"మెత్తగా ఉందా?"

"వెన్నలా ఉందయ్యా."

"అయితే దానికి ఈ పని తెలుసు" అన్నారాయన.

ఆమె గుడ్డను పీలికలుగా చింపి, నిమ్మ ఉప్పు నీళ్ళలో ముంచి, చార వెంటా పచ్చటి జాడ వెంటా ఒక్కొక్కటే అంటించింది. జ్వరం వచ్చినవాళ్ళ నుదుటి మీద తడిగుడ్డ వేసినట్టే వేసింది. ఆ పని ఆమె చేతులకూ తెలుసు. తోమడానికి చెయ్యి లేస్తుంటే అయ్యవారు వద్దన్నారు. మధ్యాహ్నం భోజనాలయ్యాయి, పురాణం అయింది. దీపాలు పెట్టే వేళకు ఆమె వెళ్ళి పీలికలు తీసి, కుచ్చు బ్రష్షుతో మెల్లగా రుద్దింది. చార మీగడ తొలిగినట్టు తొలిగిపోయింది. ఇన్ని రోజుల కష్టానికి లొంగనిది ఇంత సులువుగా పోతే ఆమెకు సంతోషం కంటే ముందు ఉక్రోషం వచ్చింది.

నీళ్ళు వదిలి చూస్తే తెల్లగానే ఉంది. కానీ తను పీచుతో గీకిన చోట, యాసిడ్ పోసిన చోట మెరుపు లేదు. సున్నం వేసిన గోడలా వెలవెలబోతోంది.

"ఇది పోదా అయ్యా?"

"అది మరక కాదు తల్లీ. అది నీ తోముడు" అన్నారు అయ్యవారు. ఆమె ముఖం చిన్నబోవడం చూసి మెత్తగా అన్నారు. "నీ చేతిది తప్పు కాదు. అది ఇత్తడి తోమిన చెయ్యి. ఇత్తడి లోపలిదాకా ఇత్తడే, అరగదీసినకొద్దీ మెరుస్తుంది. దీనికి ఉన్న మెరుపంతా పైపొరే. అది గీరుకుపోతే మరక్కి ఇల్లు కట్టించి ఇచ్చినట్టు. ఇక నుంచి రోజూ పొద్దున్నే చార ఎండకముందే ఓసారి బ్రష్షు వేస్తే చాలు. ఇంత యుద్ధం అక్కర్లేదు."

ఆ సాయంత్రమే వకుళమ్మ ఫోన్ తీసింది. "కమోడుందక్కా. రా" అంది. అవతల నుంచి అక్క, "ఆ మాట చెప్పడానికి ఇన్నాళ్ళా? మంచినూనె తెస్తా, అప్పాలు చేసుకుందాం" అంది.

అలివేలమ్మ పౌర్ణమి ముందురోజు ఆటోలో దిగింది. ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో నూనె డబ్బా. చివరి గదికి వెళ్ళొచ్చి, "మహారాజుల ఇంట్లో కూడా ఇంత తెల్లగా ఉండదే" అంది. వకుళమ్మ ముఖం విప్పారింది. సప్తాహానికి వచ్చిన ఆడవాళ్ళతో వసారా నిండుగా ఉంది. పొదిలి వాళ్ళు కూడా ఉన్నారు. అక్క కుర్చీలో కూర్చుని చెల్లెల్ని దగ్గరికి లాక్కుని బుగ్గలు నిమిరింది. నిమురుతూనే అందరూ వినేలా అంది. "మొగుడున్నప్పుడు పుల్లలా ఉండేదానివి. వాడు పోయాక కాస్త ఒళ్ళు చేశావు. ఇదే నయంలేవే!"

వకుళమ్మకు చెవులు ఎర్రబడ్డాయి. మనిషి మారలేదు, నోరు మారలేదు, వెంట్రుకవాసి మారలేదు. ఆమె గిర్రున తిరిగి వంటపాకలోకి వెళ్ళిపోయింది. మజ్జిగ కుండ ముందు నిలబడి గరిట అందుకుంది.

పొదిలి ఆమె ఒకతి వెనకాలే వచ్చి చెవి దగ్గరికి జరిగింది. "ఏందమ్మా, మీ అక్క మళ్ళీ అట్టా అనేసింది? ఆ పెద్దకర్మ రోజున కూడా ఇట్టాగే కదూ?"

కథ గొంతు దాకా వచ్చింది. మొదటి మాట ట్యాంకులోంచి జారబోయే చుక్కలా నాలుక చివర నిలిచింది. ఈసారి చెప్పడానికి కొత్త ముక్క కూడా ఉంది. వకుళమ్మ కుండలో గరిట తిప్పింది. గళ్ళ చీర గుర్తొచ్చింది. బుగ్గ మీద అక్క చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. గ్లాసు నింపి ఆమె చేతిలో పెట్టింది.

"ఉప్పు సరిపోయిందేమో చూడమ్మా" అంది. ఇంకో గ్లాసు నింపుకుని అక్క దగ్గరికి నడిచింది.

పురాణం ముగిసి జనం లేచాక ఆమె అయ్యవారి దగ్గరికి వచ్చి నిలబడింది. ఒళ్ళు మంట ఇంకా పూర్తిగా చల్లారలేదు. "విన్నారుగా అయ్యా, ఏమందో! నా ప్రశ్న అలాగే ఉండిపోయింది" అంది.

అయ్యవారు పుస్తకానికి గుడ్డ చుడుతూ తల ఎత్తారు. "పైన కారడం ఆగిందా తల్లీ?"

వకుళమ్మ తల తిప్పి చూసింది. వసారాలో అక్క మజ్జిగ తాగుతూ, ఉప్పు ఎక్కువైందని ఎవరితోనో గట్టిగా చెబుతోంది.

"ఇవాళ్టికి కారలేదయ్యా" అంది.

"ఈ నేల నీళ్ళు ఎప్పటికీ ఇంతే" అన్నారు అయ్యవారు. "రేపు పొద్దున కూడా ఓసారి బ్రష్షు వెయ్యి."